ఎండీక్యాల్క్ క్రియాటినిన్ క్లియరెన్స్ పేజీ: యాంటీబయాటిక్ డోసుకి ఎంతవరకు పనికొస్తుంది?

రేటింగ్: 5కి 4

ల్యాబ్ రిపోర్టులో అచ్చయిన ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత అంచనా) చూసి యాంటీబయాటిక్ డోసు రాసేసే అలవాటుంటే, డాక్టర్ల లెక్కల వెబ్‌సైట్ ఎండీక్యాల్క్‌లోని ఈ ఉచిత పేజీ ఒక్కసారి తెరవండి. వయసు, బరువు, రక్తంలోని క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపే వ్యర్థం) ఇస్తే, కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ అనే సూత్రంతో కిడ్నీలు దాన్ని ఎంత వేగంగా తీసేస్తున్నాయో, అంటే క్లియరెన్స్, లెక్కగడుతుంది. 78 ఏళ్ల ఆవిడ, బరువు 45 కిలోలు, క్రియాటినిన్ 1.0 అనుకుందాం. ఈజీఎఫ్ఆర్ లెక్కించే 2021 సీకేడీ-ఈపీఐ సూత్రంతో 58 వస్తుంది. అవే అంకెలు ఇక్కడ కొడితే నిమిషానికి 33 మి.లీ. లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 750 మి.గ్రా. డోసు, క్లియరెన్స్ 50 లేదా ఆ పైన ఉంటే రోజూ, 20–49 మధ్యలో అయితే 48 గంటలకోసారి. ఈజీఎఫ్ఆర్‌ని నమ్ముకుంటే ఆవిడకి రెట్టింపు మందు పడుతుంది. ఆ 58 అనేది 1.73 చదరపు మీటర్ల ఒంటికి సర్దిన లెక్క. ఆవిడ ఒళ్లు అంత లేదు.

ఎత్తు గడి నింపకపోయినా జవాబు వస్తుంది, కానీ వదలొద్దు. లావుగా ఉన్నవాళ్లకి అసలు బరువుతో లెక్క బాగా ఎక్కువ చూపిస్తుంది. ఎత్తు ఇస్తే సర్దిన బరువుతో (అసలు బరువుకీ, ఎత్తుకి తగిన బరువుకీ మధ్యది) కూడా లెక్కగట్టి పెడుతుంది. క్రియాటినిన్ యూనిట్ కూడా చూసుకోండి: డెసిలీటరుకి 1 మి.గ్రా. అంటే లీటరుకి 88.4 మైక్రోమోల్.

ఒక మార్కు తగ్గించింది ఎందుకంటే, క్రియాటినిన్ నిలకడగా ఉందో లేదో ఈ పేజీకి తెలియదు. నిన్న 1.0, ఇవాళ 2.0 ఉంటే కిడ్నీ అసలు పనితనం తెర మీది అంకె కన్నా చాలా తక్కువ. మూత్రమే రాని రోగికి కూడా ఇది నిక్షేపంగా 40 చూపించగలదు. అక్కడ 10 లోపే అనుకుని నడవాలి. కోలుకుంటున్నవాళ్లలో ఇది తిరగబడుతుంది, అసలు పనితనమే ఎక్కువ ఉంటుంది.

ఎంత అంకె వచ్చినా సెప్సిస్‌లో (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే ప్రమాద స్థితి) మొదటి డోసు మాత్రం కోయకండి. అది మందు ఒంట్లో ఎంత మేర పరుచుకుంటుందన్న దాన్ని బట్టి ఉంటుంది, కిడ్నీని బట్టి కాదు. వ్యాంకోమైసిన్ లోడింగ్ డోసు, అంటే మొదటి పెద్ద డోసు, బరువు చూసే ఇవ్వాలి. తగ్గించాల్సింది ఆ తర్వాతి డోసులు. సెఫెపిమ్ దగ్గర మాత్రం అశ్రద్ధ అస్సలు వద్దు: తగ్గించకపోతే మత్తు, తికమక, కండరాలు ఉలిక్కిపడటం మొదలవుతాయి, దాన్ని ఇన్ఫెక్షన్ ముదిరిందని పొరబడతారు.

పేజీ క్లియరెన్స్ చెబుతుంది గానీ డోసు చెప్పదు, మందు లేబుల్ పక్కన ఉండాల్సిందే. సెఫ్ట్రయాక్సోన్, డాక్సీసైక్లిన్, లినజోలిడ్‌లకి మామూలుగా కిడ్నీని బట్టి డోసు తగ్గించే అవసరమే రాదు. డయాలసిస్ రోగులకి ఈ పేజీ తెరవనే వద్దు. మెరోపెనెమ్ లాంటివి డయాలసిస్ అయ్యాక పడేలా టైము రాయండి.