పచ్చ చుక్కని, డార్క్ అన్న మాటని నమ్మి చాక్లెట్ స్లాబ్ కొనకండి

ఇంట్లో మోల్డ్ చాక్లెట్లు చేసి రిటర్న్ గిఫ్టులుగా ఇద్దామనుకునేవాళ్ళు, అందులోనూ పాలో పల్లీలో జీడిపప్పో పడని పిల్లలు చుట్టాల్లో ఉన్నవాళ్ళు, ఇది చదివాకే స్లాబ్ (కరిగించి అచ్చుల్లో పోసుకునే చాక్లెట్ పలక) కొనండి. పోయిన నెల మా ఇంట్లో జరిగింది రాస్తున్నా. షాపు పేరు అడగొద్దు, చెప్పను. పేరు చెబితే అక్కడ మానేసి పక్క షాపులో అదే కవర్ తెచ్చుకుంటారు. ఇలా అమ్మేవాళ్ళు ఒకరూ ఇద్దరూ కాదు.

మా పాప ఓణీల ఫంక్షన్. 60 డబ్బాలు, డబ్బాకి నాలుగు చాక్లెట్లు: తామర, ఏనుగు, నెమలి, కలశం. మా ఆడపడుచు కొడుక్కి ఆరేళ్ళు, పాలు పడవు. తాగితే అరక్క కడుపు ఉబ్బడం కాదు, అది వేరే సంగతి. వీడికి పాలలో ఉండే ప్రొటీనే పడదు, ఒక చుక్క తగిలినా ఒళ్ళంతా దద్దుర్లు. ఏ పెళ్ళికి వచ్చినా వాళ్ళమ్మ వీడికి వేరే టిఫిన్ బాక్సు మోసుకొస్తుంది. పిల్లలంతా డబ్బాలు విప్పుకుంటుంటే వీడొక్కడూ చూస్తూ కూర్చోవడమేంటని, మొత్తం 60 డబ్బాలూ పాలు లేకుండానే చేద్దామనుకున్నా.

బేకింగ్ సామాన్లు హోల్‌సేల్‌గా అమ్మే పెద్ద షాపుకే వెళ్ళా. ముందు రోజే వాట్సాప్‌లో పెట్టా, కౌంటర్ దగ్గర మళ్ళీ చెప్పా: "పాలు అస్సలు ఉండకూడదండీ, పిల్లాడికి అలర్జీ." ఆయన నవ్వి, "డార్క్ తీసుకోండి మేడమ్, డార్క్‌లో పాలెందుకుంటాయి? గ్రీన్ డాట్ కూడా ఉంది చూడండి" అన్నాడు. అర కేజీ ప్లాస్టిక్ కవర్లు, నోటి దగ్గర సీల్ వేసి, పైన వేలెడంత స్టిక్కర్. దాని మీద డార్క్ కాంపౌండ్ (కోకో బటర్ బదులు వేరే నూనె కొవ్వుతో చేసే చాక్లెట్), 500 గ్రాములు, 180 రూపాయలు, ఒక పచ్చ చుక్క. అంతే. ఏ కంపెనీది, ఏమేం కలిసింది, ఎప్పటిది, ఏమీ లేదు. నాలుగు తెచ్చా.

పచ్చ చుక్క అంటే శాకాహారం అని మాత్రమే. పాలు, నెయ్యి, పెరుగు అన్నీ ఆ చుక్క కిందికే వస్తాయి. ఇది నాకు తెలీక కాదు. ఫంక్షన్ హడావిడిలో బుర్ర పనిచేయలేదు, అంతే.

ఫంక్షన్ రోజు వాడు ముందు ఏనుగు తొండం కొరికాడు. "అత్తా, ఇది నేను కూడా తినొచ్చా?" అని రెండు సార్లు అడిగి మరీ కొరికాడు. పది నిమిషాలు కాలేదు, కింది పెదవి కందిరీగ కుట్టినట్టు ఉబ్బింది. మెడ మీద దద్దుర్లు. ఆ వెంటనే దగ్గు, గొంతు బొంగురు. మా అత్తగారు గొంతుకేదో అడ్డం పడిందనుకుని నీళ్ళు తాగించబోయారు. వాళ్ళమ్మకి మాత్రం చూడగానే అర్థమైంది. కార్లో వేసుకుని హాస్పిటల్‌కి పరిగెత్తాం. తొడకి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చి, ఆ రాత్రంతా కనిపెట్టి చూశారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. డాక్టర్ గారు అన్నది మాత్రం రాయాలి: దద్దుర్లతో పాటు దగ్గు గానీ ఆయాసం గానీ వచ్చిందంటే అలర్జీకి వాడే సెట్రిజిన్ సిరప్ పోసి ఎదురు చూడొద్దు, వెంటనే తీసుకురండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.

మూడో రోజు షాపుకి వెళ్ళా, మా ఆయన్ని కూడా తీసుకుని. స్లాబులు వచ్చిన అసలు అట్టపెట్టె చూపించమన్నా. చాలాసేపు లోపల వెతికినట్టు చేసి, చివరికి తెచ్చాడు. దాని మీద స్పష్టంగా ఉంది: సోయా ఉంది, పాలు, నట్స్ ఉండవచ్చు అని. అక్కడితో అయిపోలేదు. లోపల ఒక కుర్రాడు స్లాబులు కోసి కవర్లలో వేస్తున్నాడు. ఒకటే చెక్క, ఒకటే కత్తి. ముందు వైట్ చాక్లెట్ కోశాడు, గుడ్డతో ఓసారి తుడిచాడు, అదే కత్తితో డార్క్ మీద పడ్డాడు. నల్లటి ముక్కల అంచుల్లో తెల్లటి పొడి కళ్ళకి కనిపిస్తోంది. వైట్ చాక్లెట్‌లో పాలపొడి ఉంటుంది కదా. మా వాడికి తగిలింది ఫ్యాక్టరీలో కలిసినదో, ఆ కత్తికి అంటుకున్నదో నేను చెప్పలేను.

"మీరు అలర్జీ అని ముందే చెప్పాలి కదా మేడమ్" అన్నాడు. వాట్సాప్ తీసి చూపించా. అప్పుడు గొంతు తగ్గించి, 720 రూపాయలు వెనక్కిస్తాను, ఎక్కడా ఏమీ రాయకండి అన్నాడు. డబ్బు తీసుకోలేదు, రాస్తున్నాను.

ఇక రూల్ సంగతి. మన దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం పాలు, గుడ్డు, చేప, రొయ్య పీత లాంటివి, పల్లీ, నట్స్, సోయా, గోధుమ లాంటి గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, ఒక మోతాదు దాటిన సల్ఫైట్లు (పాడవకుండా కలిపేవి) వేటిలో ఉన్నా ప్యాకెట్ మీద విడిగా రాయాలి. పెద్ద పెట్టె తెచ్చి చిన్న కవర్లలో అమ్మేవాళ్ళకీ లైసెన్సో రిజిస్ట్రేషనో ఉండాలి, ఆ కవర్ మీదా పూర్తి లేబుల్ ఉండాలి. ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబర్ లేని కవర్ అయితే ఎంత చవకైనా ముట్టుకోకండి. నేను ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫోటోలు, బిల్లు పెట్టి ఫిర్యాదు చేశా. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది.

సీల్ తీయని కంపెనీ ప్యాకెట్ అయినా సరే, డార్క్ అన్న మాట ఒక్కటే చాలదు. 2015లో అమెరికా ఆహార, మందుల సంస్థ ఎఫ్‌డీఏ 100 డార్క్ చాక్లెట్ బార్లు తీసుకుంటే ఆరింటి లేబుల్ మీదే పాలు ఒక పదార్థంగా ఉన్నాయట. మిగతా 94 పరీక్ష చేస్తే పాలు అసలు లేనివి 33. కారణం మనందరికీ తెలిసిందే: కరిగిన చాక్లెట్‌లో నీటి చుక్క పడితే ముద్దకట్టేస్తుంది. అందుకే ఆ మిషన్లని మన గిన్నెల్లా నీళ్ళు పోసి కడగరు. పొద్దున మిల్క్ చాక్లెట్ నడిచిన లైన్‌లో మధ్యాహ్నం డార్క్ నడిస్తే పాలు ఎక్కడికి పోతాయి? వీగన్ (పాలు, గుడ్ల లాంటివి వాడలేదనే) గుర్తు ఉన్నా "ఉండవచ్చు" అన్న లైన్ చదవాల్సిందే. వే పౌడర్, కేసిన్, కేసినేట్, మిల్క్ సాలిడ్స్, బటర్ ఆయిల్, ఇవన్నీ పాలే. కొబ్బరిపాల పొడి కూడా తిప్పి చూడండి, చాలా వాటిలో సోడియం కేసినేట్ ఉంటుంది. పాలకి బదులు అని కొంటాం, అందులోనే పాలు.

ఇప్పుడు వాడి కోసం చేసేటప్పుడు స్లాబ్ జోలికే పోవట్లేదు. కోకో బటర్, కోకో పౌడర్ కంపెనీ ప్యాకెట్లే కొంటున్నా, అదీ పాలు అదే లైన్‌లో నడుస్తాయా అని కంపెనీకి మెయిల్ పెట్టి జవాబు వచ్చాకే. 100 గ్రాముల కోకో బటర్‌కి 80 కోకో పౌడర్, 80 పంచదార పొడి. నున్నగా రాదు, నాలుక మీద కాస్త ఇసుకలా తగులుతుంది. పిల్లలు పట్టించుకోలేదు, మా ఆయనే వంక పెట్టాడు. కాంపౌండ్‌లా కరిగించి పోసేస్తే కుదరదు, టెంపర్ చేయాలి: 45 నుంచి 50 డిగ్రీల దాకా కరిగించి, 27, 28కి చల్లార్చి, మళ్ళీ 31, 32కి తేవాలి. థర్మామీటర్ కావాల్సిందే. ఎండాకాలం ఏసీ గది లేకపోతే మొదలుపెట్టకండి, పైన తెల్లటి మచ్చలొస్తాయి. నట్స్ బదులు గుమ్మడి గింజలు, మరమరాలు వేస్తున్నా.

ఇంకో విషయం, ఇది మన ఇళ్ళకే ప్రత్యేకం. పంచదార పొడి చేసే మిక్సీ జార్ ఏదో చూసుకోండి. నిన్న పల్లీ చట్నీ రుబ్బిన జార్ అయితే మూత లోపలి రబ్బరు వాషర్ పిన్నుతో లాగి చూడండి. నేను లాగితే పల్లీ ముద్ద ఎండిపోయి వేలి గోరంత వచ్చింది. రోజూ కడిగే జారే. పల్లీ పడని పిల్లలు ఎవరైనా ఆ ఫంక్షన్‌కి వచ్చి ఉంటే ఆ తప్పు షాపువాడిది కాదు, నాది అయ్యేది. ఇప్పుడు చాక్లెట్ పనికి విడిగా ఒక చిన్న జార్ పెట్టుకున్నా.

మోల్డులు కూడా ఆ షాపులోనే కొన్నా, అవి బాగానే ఉన్నాయి. ఆ చాక్లెట్ పోసినవి కాబట్టి సబ్బు నీళ్ళతో కడిగి సబ్బుల తయారీకి మా చెల్లికి ఇచ్చేశా.