విశాఖలో భోజనం ఊళ్ళో, వినోదం తీరంలో

విశాఖపట్నం చూడడానికి వచ్చే బంధుమిత్రులు దాదాపు అందరూ ముందుగా అడిగేది, సముద్రం కనిపించేలా కూర్చుని భోజనం చేయడానికి మంచి హోటలు ఏది అని. ఈ ఊరివాడిగా నేనిచ్చే సమాధానం వాళ్ళకు మొదట రుచించదు. బీచ్ రోడ్డు వెంబడి అద్దాల కిటికీ పక్క బల్ల కోసం చెల్లించే సొమ్ములో మంచి భాగం అలలకే పోతుంది. కంచంలోకి వచ్చేది ఏ నగరంలోనైనా దొరికే పనీరు కూర, వేయించిన అన్నం. ఇక్కడివాళ్ళు ఆకలితో వెళ్ళేది ద్వారకానగర్, సూర్యాబాగ్, జగదాంబ కూడలి వైపు. తీరం దగ్గర చూడవలసినవి చూసి, తిండికి మాత్రం ఊళ్ళోకి రావడం అన్ని విధాలా మేలు. పెద్ద హోటళ్ళ పై అంతస్తుల్లో దృశ్యమూ బాగుండి వంటా బాగుండే చోట్లు లేకపోలేదు గానీ, నలుగురు సభ్యుల కుటుంబం రోజూ భరించగలిగే ఖర్చు కాదది.

ఉదయం విషయానికి వస్తే, తెల్లవారుజామున ఆర్కే బీచ్ దగ్గర వాహనాలను ఆపివేసి రోడ్డును నడిచేవాళ్ళకు వదిలిపెడతారు కనుక, ఊరి ముఖం చూడడానికి అంతకు మించిన వేళ లేదు. నడక ముగించి ద్వారకానగర్ చేరితే శ్రీ సాయిరాం పార్లర్ ఉంది. శాకాహార టిఫిన్లకు ఎన్నో ఏళ్ళుగా నగరం నమ్ముకున్న పేరు అది. వెంకటాద్రి వంటిల్లు కూడా అదే కోవలోకి వస్తుంది. ఇలాంటి చోట్ల ఇడ్లీ, పెసరట్టు ఉప్మా, అల్లప్పచ్చడి దాటి మెనూ కార్డులో కిందికి వెళ్ళనక్కర లేదని నా అభిప్రాయం. ఆదివారం ఎనిమిది దాటాక వెళ్తే తింటున్నవాళ్ళ కుర్చీ వెనక నిలబడి వాళ్ళ ఆఖరి ముద్ద కోసం ఎదురు చూడవలసి వస్తుంది. మొహమాటస్థులు ఏడున్నరకే వెళ్ళడం మంచిది. ఎండాకాలంలో వచ్చినవాళ్ళు రోడ్డు పక్క బళ్ళ మీద అమ్మే చోడి అంబలిని తప్పక తాగాలి. రాగులను ఉత్తరాంధ్రలో చోళ్ళు అంటారు. ఆ పిండిని కాచి, మజ్జిగ కలిపి, పచ్చి ఉల్లిపాయ, మిరపకాయ నంజుకోవడానికి ఇస్తారు. ఈ ఊరి ఉక్కపోతకు శీతల పానీయాలకంటే అదే తగిన మందు.

మధ్యాహ్నం శాకాహార భోజనానికి సూర్యాబాగ్‌లోని దసపల్లా హోటల్‌ను సూచిస్తాను. పప్పు, వేపుడు, పచ్చడి, సాంబారు, పెరుగు వరసలో సాగే ఆంధ్ర భోజనాన్ని తొందరపెట్టకుండా వడ్డించే స్థలం కాబట్టి, పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చినప్పుడు ఇబ్బంది ఉండదు. బిరియానీ కావాలనుకునేవాళ్ళను జగదాంబ దగ్గరి ఆల్ఫా హోటల్‌కు పంపడం ఇక్కడ ఆనవాయితీ. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళు దాన్ని తమ ఊరి బిరియానీతో పోల్చి చూడకుండా తింటే సంతోషపడతారు.

అయితే సముద్రపు ఒడ్డున ఉన్న ఊరికి వచ్చి చేప తినకపోతే ఎలా? ఈ విషయంలో కాస్త జాగ్రత్త అవసరం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు, చేపలు గుడ్లు పెట్టే కాలమని, మరబోట్ల వేటను నిషేధిస్తారు. పిల్లల సెలవులు సరిగ్గా ఆ రోజుల్లోనే పడతాయి కనుక, ఎక్కువమంది పర్యాటకులు వచ్చేదీ అప్పుడే, తాజా సముద్రపు చేప అరుదయ్యేదీ అప్పుడే. తెరచాప పడవల వాళ్ళు తెచ్చే కొద్దిపాటి సరుకు ధర పలుకుతుంది; మిగిలినదంతా మంచుగదుల నుంచో చెరువుల నుంచో వస్తుంది. ఆ రెండు నెలల్లో వంజరం వేపుడు ‘ఈ ఉదయమే వచ్చింది’ అని చెప్పే హోటలును నేను నమ్మను. అప్పుడు చెరువు రొయ్యల వేపుడు అడగడం మర్యాదగా ఉంటుంది. అది చెరువుదేనని వాళ్ళూ దాచరు. మిగతా కాలంలో మాత్రం మెనూ కార్డు పక్కన పెట్టి, ‘ఈ రోజు ఏ చేప ఉంది?’ అని అడిగి తెలుసుకోవాలి. వంజరం ముక్క వేపుడుకు, చందువ మసాలా పట్టించి పెనం మీద కాల్చడానికి, పండుగప్ప పులుసుకు బాగుంటాయి. సొరపుట్టు దొరికిందంటే ఇంకేమీ ఆలోచించకుండా తెప్పించుకోవాలి. ఉడికించిన సొర మాంసాన్ని పొడిపొడిగా విడదీసి, ఉల్లి, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లితో వేయించే ఆ వంటకం పెద్ద రెస్టారెంట్లలో కంటే చిన్న మెస్సుల్లో బాగా కుదురుతుంది. చేపల వేలం చూడాలనే కుతూహలం ఉంటే తెల్లవారకముందే ఫిషింగ్ హార్బరుకు వెళ్ళవచ్చు. బురద, వాసన పట్టించుకోనివాళ్ళకు మ్యూజియంలన్నిటికంటే అదే ఆసక్తికరం.

మధ్యాహ్నం మూడు గంటల దాకా ఎండలో తిరగడం వృథా. ఆ తరువాత బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామి మ్యూజియం నుంచి మొదలుపెట్టాలి. ఊళ్ళో ఒక్కటే చూసే సమయం ఉందన్నా నేను చెప్పేది ఇదే. సోవియట్ దేశంలో తయారై 1969లో మన నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ కురుసుర 2001లో సేవ నుంచి విరమించగా, తొంభై మీటర్లకు పైగా పొడవున్న ఆ నౌకను ఇసుక మీదికి లాగి 2002లో ప్రదర్శనశాలగా తెరిచారు. లోపల ఒక గది నుంచి మరో గదికి గుండ్రటి ద్వారాల గుండా వంగి దూరవలసి ఉంటుంది. టార్పెడోల పక్కనే పడకలు, మనిషి తిరగడానికి చాలని వంటగది చూసినప్పుడు డెబ్బై మందికి పైగా నావికులు వారాల తరబడి ఇందులో ఎలా బతికారో అర్థమవుతుంది. వివరించి చెప్పేవాళ్ళు మాజీ నావికులు కావడం పెద్ద అదృష్టం. గుంపు ముందుకు తోసుకుపోతున్నా ఆగి ప్రశ్న అడిగితే ఓపికగా జవాబు చెబుతారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు మాత్రం లోపలి నడక కష్టం. సోమవారం సెలవు కాబట్టి ప్రయాణాన్ని ఆ రోజుకు పెట్టుకోకూడదు; జంతు ప్రదర్శనశాలకూ అదే సెలవు.

రోడ్డుకు అవతల 2017లో తెరిచిన టీయూ-142 విమాన ప్రదర్శనశాల ఉంది. విమానం భారీది, చూడదగ్గది, కానీ జలాంతర్గామి చూసిన వెంటనే వెళ్తే అంత పట్టుకోదు. దగ్గరలోనే 1971 యుద్ధ స్మారకం ‘విక్టరీ ఎట్ సీ’ ఉంది. డచ్చి కాలపు భవనంలో నడిచే విశాఖ మ్యూజియంకు చాలామంది వెళ్ళరు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయన్న సంగతి తెలియని కుర్రవాళ్ళకు అక్కడున్న పేలని బాంబు మంచి పాఠం.

చీకటి పడే వేళకు ఇసుకలోకి దిగి మురీ మిక్చర్ కొనుక్కోవాలి. మరమరాలలో ఉల్లి, టమాటా, కొత్తిమీర, వేయించిన వేరుశనగ గుళ్ళు వేసి, కారం చల్లి, నిమ్మకాయ పిండి, కళ్ళెదుటే కలిపి పొట్లం కట్టి ఇస్తారు. మరమరాలు మెత్తబడకముందే తినాలి. అందుకే ఒక్కొక్కరికి ఒక్కొక్క పొట్లం కలిపించుకోవడం కంటే ఒకటి అయ్యాక మరొకటి అడగడం తెలివైన పని. తీరంలో తినవలసిన తిండి అంటే ఇదీ, నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తూ. అలల్లోకి మాత్రం ఇక్కడ దిగవద్దు. ఆర్కే బీచ్ దగ్గర రాళ్ళూ, లోపలికి లాగే ప్రవాహాలూ ఉన్నాయి, ప్రాణాలు పోయిన సంఘటనలు చాలానే జరిగాయి. నీళ్ళలో ఆడుకోవాలనుకుంటే, శుభ్రమైన, సురక్షితమైన తీరాలకిచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన రుషికొండ బీచ్‌కు వెళ్ళి, రక్షణ సిబ్బంది గీసిన హద్దుల లోపలే ఉండాలి.

కైలాసగిరికి రోప్‌వేలో వెళ్ళి, సూర్యాస్తమయానికి గంట ముందు పైన ఉండేలా చూసుకుంటే తీరం వంపు తిరిగే దృశ్యం బాగా కనిపిస్తుంది; కొండ చుట్టూ తిరిగే చిన్న రైలు పిల్లలకు సరిపోతుంది. కొండ మీద తిండి గురించి చెప్పేందుకు ఏమీ లేదు. భీమిలి దారి అంతకంటే మెరుగైన కాలక్షేపం. తొట్లకొండ బౌద్ధారామం, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు, అన్నీ ఒకే పూటలో చూడవచ్చు. దిబ్బల అంచులు సులభంగా విరిగిపోతాయి కనుక ఫొటోల కోసం వాటి మీదికి ఎక్కకుండా ఉంటే ఊరివాళ్ళం సంతోషిస్తాం.

రాత్రి వినోదానికి ఈ ఊళ్ళో అవకాశాలు తక్కువని బయటివాళ్ళు అంటారు. పిఠాపురం కాలనీలోని కళాభారతిలో సంగీత నృత్య సభలు, సిరిపురంలోని గురజాడ కళాక్షేత్రంలో నాటకాలు జరుగుతాయని వాళ్ళకు ఎవరూ చెప్పరు. పర్యాటక కరపత్రాల్లో ఆ పేర్లు కనిపించవు. వచ్చిన వారంలో ఏం జరుగుతోందో స్థానిక దినపత్రికలోని జిల్లా పేజీ చూస్తే తెలుస్తుంది. సినిమా అయితే, కూడలికే తన పేరిచ్చిన జగదాంబ థియేటర్ ఉంది. డిసెంబరు 4 నేవీ డే విన్యాసాల కోసమే ప్రయాణపు టికెట్లు కొనేవాళ్ళు ముందుగా విచారించుకోవాలి. ఒకప్పుడు ఏటా ఆర్కే బీచ్‌లో జరిగే ఆ ప్రదర్శన 2023లో సింధుదుర్గ్‌కు, 2024లో పూరీకి వెళ్ళింది.

వెళ్ళేటప్పుడు పట్టుకెళ్ళడానికి మాడుగుల హల్వా కొనండి. గోధుమ పాలు, నెయ్యి, జీడిపప్పు, బాదంతో చేసే ఈ మిఠాయి రోజుల తరబడి నిల్వ ఉంటుంది కనుక రైలు ప్రయాణానికి అనుకూలం. ఆ పేరుతో బోర్డులు నగరమంతా ఉన్నాయి, అన్నీ ఒకటి కావు. ముక్క రుచి చూపించని దుకాణంలో నేను కొనను. బొంగు చికెన్ మాత్రం నగరంలో తినవద్దు. అది అరకు దారిలో, వెదురు బొంగులు నిప్పుల మీద కాలుతుండగా నిలబడి తినవలసిన వంట. దానికోసం అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ బోగీలో టికెట్టు ముందే తీసుకుని, అరకుకు విడిగా ఒక రోజు కేటాయించాలి.