సెవెంటీన్ ల్యాండ్స్‌తో మూడేళ్లు: కార్డుల టేబుల్ కన్నా నా నోట్‌బుక్కే ఎక్కువ నేర్పింది

మాది శ్రీకాకుళం, ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర్లోనే ఇల్లు. రాత్రి పాప పడుకున్నాక ఒక గంటో గంటన్నరో కంప్యూటర్‌లో మ్యాజిక్ అరీనా అనే కార్డుల ఆట ఆడతాను, అందులో కూడా డ్రాఫ్ట్ తప్ప ఇంకేటీ ఆడను. తెలీనోళ్ల కోసం చెప్తున్నాను, డ్రాఫ్ట్ అంటే 8 మంది తలో ప్యాక్ విప్పి ఒక కార్డు తీసుకుని మిగతావి పక్కోడికి ఇస్తారు, అలా మూడు ప్యాకులు తిరిగేసరికి చేతికి ఏవొస్తే వాటితోనే 40 కార్డుల డెక్ కట్టుకుని ఆడాలి. ఈ 40లో 17 ల్యాండ్లు (మిగతా కార్డులు ఆడటానికి కావాల్సిన మానా, అంటే శక్తి, ఇచ్చే కార్డులు) పెట్టడం పాతకాలం నుంచి ఉన్న లెక్క, ఆ లెక్కే నేను ఆటల లెక్కలు దాచుకునే సెవెంటీన్ ల్యాండ్స్ సైట్ పేరు. మూడేళ్ల నుంచీ ఆడిన ప్రతి ఆటా దీంట్లోకి ఎక్కిస్తున్నాను కాబట్టి, నిజంగా ఏది పనికొచ్చిందో రాద్దామని కూర్చున్నాను.

పెట్టుకోవడం కష్టమేం కాదు. కంప్యూటర్‌లో వాళ్ల చిన్న ప్రోగ్రామ్ వేసుకోవాలి, అరీనా సెట్టింగ్స్‌లో డీటైల్డ్ లాగ్స్ టిక్ పెట్టాలి, అంతే. డబ్బులు కట్టక్కర్లేదు. ఫోన్‌లో ఆడినవి మాత్రం రావు, అందుకే ఫోన్‌లో డ్రాఫ్ట్ ఆడటం మానేశాను.

అందరూ ముందు తెరిచేది కార్డుల టేబుల్, అంటే అందరి ఆటలూ కలిపి ఒక్కో కార్డుకి అంకెలు చూపించే పట్టిక. దాంట్లో ముఖ్యమైన కాలమ్ జీఐహెచ్ విన్ రేట్, అంటే ఆ కార్డు మొదటి హ్యాండ్‌లో (ఆట మొదట్లో చేతికిచ్చే ఏడు కార్డులు) గానీ తర్వాత డ్రాలో (టర్న్‌కొకటి తీసే కార్డు) గానీ చేతికొచ్చిన ఆటల్లో ఎన్ని గెలిచారు అని. ఇక్కడ నేను దాదాపు ఆరు నెలలు ఒక తప్పు చేశాను. ఒక కార్డుకి 54 శాతం కనిపిస్తే సగం కన్నా ఎక్కువే కదా, మంచి కార్డే అనుకుని తీసుకునేవాణ్ని. కానీ ఏటంటే ఆ సైట్‌కి డేటా పంపేవాళ్లంతా కాస్త సీరియస్‌గా ఆడేవాళ్లు, వాళ్ల సగటే 55 దగ్గర ఉంటాది, అంటే అక్కడ 54 అంటే సగటు కన్నా కింద కార్డు అన్నమాట. టేబుల్‌లో 50తో కాదు, ఆ సెట్ (ఒకేసారి విడుదలైన కార్డుల గుంపు) సగటుతో పోల్చుకోవాలి. ఈ ఒక్క విషయం తెలిశాక నా పిక్‌లు చాలా మారిపోయాయి.

రెండోది, ఆ అంకె కార్డు గురించి అంతా చెప్పదు. మా అత్తారిది పలాస, అక్కడ జీడిపప్పు 240, 320 అని గ్రేడ్లుగా అమ్ముతారు, ఆ 320 అన్నది పౌనుకి ఎన్ని గుడ్లు తూగుతాయో చెప్తాది గానీ ఆ పప్పు ఈ ఏటిదా పోయినేటిదా, మెత్తబడిపోయిందా అన్నది చెప్పదు, అది నోట్లో వేసుకుని చూసుకోవాల్సిందే. ఇదీ అంతే. ఏదో ఒక రకం క్రీచర్లు (మన తరఫున పోరాడే కార్డులు) బోలెడు ఉంటేనే పనిచేసే కార్డు ఉంటాది చూడండి, దాన్ని ఆ డెక్ కుదిరినోళ్లే పెడతారు, అందుకే దాని విన్ రేట్ ఎత్తుగా కనిపిస్తాది, మనం అలాంటి క్రీచర్లు మూడే ఉన్న డెక్‌లో పెడితే అది చెత్త. అలాగే 6 మానా కార్డు, అంటే ఆరు ల్యాండ్లు పడితే గానీ ఆడలేనిది, చేతిలోకొచ్చి ఉపయోగపడిందంటే ఆట అప్పటిదాకా సాగిందన్నమాట, మనం నాలుగో టర్న్‌కే చితికిపోయే డెక్ కడితే ఆ అంకె మనకి వర్తించదు. అందుకే జీఐహెచ్ పక్కనే మొదటి హ్యాండ్ విన్ రేట్ కూడా చూస్తాను, రెండిటికీ మధ్య తేడా ఎక్కువుంటే ఆ కార్డు ఆట ఏ దశలో బాగుంటాదో అర్థమైపోద్ది.

నాకు బాగా పనికొచ్చిన ఇంకో కాలమ్ ఆల్సా, ఒక కార్డు సగటున ఎన్నో పిక్ దాకా ప్యాక్‌లో కనిపిస్తాదో చెప్పేది. మంచి విన్ రేట్ ఉండి కూడా ఏడు ఎనిమిది దాకా మిగిలే కార్డులు ప్రతి సెట్‌లోనూ నాలుగైదు ఉంటాయి, అవి తెలిస్తే ముందు పిక్‌లు వేరేవాటికి వాడుకోవచ్చు. కానీ అదే టేబుల్ మన ఎదుటోడూ చూస్తాడు. రెండు వారాలు తిరిగేసరికి ఆ కార్డు నాలుగో పిక్‌కే ఎగిరిపోద్ది. డేట్ ఫిల్టర్ పెట్టుకుని ఆఖరి పది రోజులదే చూడండి, సెట్ మొదలైనప్పటి నుంచి మొత్తం కలిపి చూస్తే మోసపోతారు.

మా బావది విజయనగరం, వాడూ ఆడతాడు. పోయినేడాది పైడితల్లి సిరిమాను సంబరానికి వెళ్లినప్పుడు వాడి లాప్‌టాప్ చూశాను, పక్కన టేబుల్ తెరిచి పెట్టుకుని ప్రతి పిక్‌కీ ఎక్కువ పర్సంటేజీ ఉన్నదే నొక్కుతున్నాడు. కార్డులకి రంగులుంటాయి, డెక్‌లో రంగులు ఎక్కువైతే వాటికి తగ్గ ల్యాండ్లు కుదరవు. "ఏటి బావా, మూడు రంగులు అయిపోయాయి కదా" అన్నాను. "అన్నీ 58 పైనే బావా, ఏదొదిలేస్తాం" అన్నాడు. ఆ డ్రాఫ్ట్‌లో ఒకటే గెలిచాడు. వాణ్ని అనడం కాదు, మొదటి ఏడాది నేనూ అలాగే ఆడాను, నా విన్ రేట్ కదల్లేదు.

కదిలింది ఎప్పుడంటే, నా సొంత ఆటలు చూసుకోవడం మొదలెట్టాక. సైట్‌లో మన ప్రతి డ్రాఫ్ట్ పిక్ పిక్‌కీ ఉంటాది, ప్రతి ఆట రీప్లే ఉంటాది, మొదటి హ్యాండ్ ఏటొచ్చిందో ఉంటాది. నేను ఒక రూళ్ల నోట్‌బుక్ తీసి నాలుగే కాలమ్‌లు గీశాను: ముందు ఆడానా రెండోదా, మొదటి హ్యాండ్‌లో ల్యాండ్లెన్ని, ఉంచుకున్నానా మలిగన్ చేశానా (అంటే అది వదిలేసి కొత్త హ్యాండ్ తీసుకున్నానా), గెలిచానా ఓడానా. 200 ఆటలు దాటాక చూస్తే, రెండు ల్యాండ్ల హ్యాండ్‌ని ముందు ఆడుతూ ఉంచుకున్న ఆటల్లో సగానికి సగం కన్నా ఎక్కువే ఓడిపోయాను, ఎందుకు ఓడానో రీప్లేలో చూస్తే ఎక్కువ సార్లు మూడో టర్న్‌కి మూడో ల్యాండ్ లేదు.

దీనికి లెక్క కట్టుకోవచ్చు. 17 ల్యాండ్ల డెక్‌లో చేతిలో రెండు ఉంటే మిగిలిన 33 కార్డుల్లో 15 ల్యాండ్లు. ముందు ఆడేవాడికి మూడో టర్న్ లోపల రెండే డ్రాలు, కనీసం ఒక ల్యాండ్ వచ్చే అవకాశం 71 శాతం. రెండో ఆటగాడికి ఇంకో డ్రా ఎక్కువ, 85 శాతం. అదే 16 ల్యాండ్లయితే 68, 82. ఒక్క కార్డు తేడాకి ఇంత ఉంటాదని నేను ఊహించలేదు. బెస్ట్ ఆఫ్ వన్‌లో, అంటే ఒక్క ఆటతోనే తేలిపోయే పోటీలో, అరీనా ఒకటి కన్నా ఎక్కువ హ్యాండ్లు లోపల తీసి డెక్‌లో ల్యాండ్ల నిష్పత్తికి దగ్గరున్నది ఇస్తాది కాబట్టి చాలామంది 16కి దిగిపోతారు, కానీ ఆ సాయం మొదటి హ్యాండ్ వరకే, తర్వాత డ్రాలకి లేదు. ఇప్పుడు నా రూల్ ఇదీ: ముందు ఆడితే రెండు ల్యాండ్లతో ఒకటి రెండు మానాల కార్డులు మూడైనా ఉంటేనే ఉంచుతాను, రెండోదైతే కాస్త ధైర్యం చేస్తాను.

ఇక్కడ ఒక జాగ్రత్త, ఇది గుండె మీద చెయ్యేసుకుని చెప్తున్నాను. 100 ఆటల్లో మీకు 60 శాతం వచ్చిందంటే అసలు బలం 50 అయినా కావచ్చు 70 అయినా కావచ్చు, పది అటూ ఇటూ ఊగుద్ది. 400 ఆటలయితే గానీ ఐదుకి తగ్గదు. వారంలో 12 ఆటలు ఆడి డెక్ మార్చేయకండి, ఒక రంగు నాకు అచ్చిరాదు అనుకోకండి. వానాకాలంలో మా వీధిలో నెట్ పోయి ఓడిన ఆటలు కూడా సైట్‌లో ఓటములుగానే ఉన్నాయి, వాటికి నోట్‌బుక్‌లో పక్కన గుర్తు పెట్టుకుని లెక్కలోంచి తీసేస్తాను.

గెలుపు శాతం ఎందుకింత పట్టించుకోవాలంటే ప్రీమియర్ డ్రాఫ్ట్ అనే పోటీలో చేరడానికి 1500 జెమ్స్ (అరీనాలో డబ్బులిచ్చి కొనుక్కునే నాణేల్లాంటివి) పోతాయి, ఏడు గెలిచేదాకా లేదా మూడు ఓడేదాకా ఆడతాం, నాలుగు గెలిస్తే 1400 వస్తాయి, ఐదైతే 1600. సగం సగం గెలిచేవాడికి సగటున మూడు గెలుపులు కూడా పడవు, అంటే జేబులోంచి పోతూనే ఉంటాయి. నేను ఇప్పుడు ఏ నెలలో చూసినా ఇంచుమించు పెట్టింది వచ్చేస్తంది, జెమ్స్ కొని ఏడాది దాటింది.

కొత్తగా మొదలెట్టేవాళ్లు నన్నడిగితే, కొత్త సెట్‌లో మొదటి నాలుగైదు డ్రాఫ్ట్‌లు టేబుల్ తెరవకుండా ఆడండి, కార్డులు చదివి మీకు మీరే ఏది బాగుందో రాసుకోండి, తర్వాత టేబుల్‌తో పోల్చండి. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే నేర్చుకునేది ఉంటాది. బావ కూడా ఇప్పుడలాగే చేస్తన్నాడు, రెండు రంగుల్లోకి వచ్చాడు.

నోట్‌బుక్‌లో ఈ మధ్య ఇంకో కాలమ్ గీశాను, చేతిలో ఉన్న రిమూవల్‌ని (ఎదుటోడి క్రీచర్‌ని తీసేసే కార్డు) ఎన్నో టర్న్‌లో వాడానో అని. పెద్ద క్రీచర్ వస్తాదని దాచుకుని దాచుకుని చచ్చిపోతున్నానేమోనని అనుమానం. ఇప్పటికి 40 ఆటలే అయ్యాయి, 200 దాటాక మళ్లీ రాస్తాను.