గిజిగాడా, చారల గిజిగాడా?

రెండూ పిచ్చుకంత పిట్టలే. వానాకాలం మగపక్షుల నెత్తి రెండింటికీ పసుపే. ఛాతీ చూడండి: గిజిగాడిది చారల్లేని పసుపు, రెండోదానిది నల్లటి చారలు. ఆడపక్షుల్లోనూ ఛాతీ చారలే గుర్తు. కాకపోతే కాస్త ఓపిక కావాలి.

అసలు తేడా ఇల్లు కట్టే చోటులో ఉంది. గిజిగాడు తాటి, ఈత, తుమ్మ కొమ్మలకు, తరచు బావి మీదికి వంగిన కొమ్మకు, పొడవాటి గొట్టం ద్వారం ఉన్న గూడు వేలాడదీస్తుంది. ఒకే చెట్టుకు పదుల గూళ్లు! చారలది చెరువులో జమ్ము, రెల్లు దుబ్బుల్లోనే కాపురం. నాలుగైదు ఆకుల కొసలు కలిపి ముడేసి, వాటికే గూడు అల్లుతుంది. గుంపులు చిన్నవి. దుబ్బు లోపల దాగి ఉంటాయి కాబట్టి గట్టున నిలబడితే కనిపించకపోవచ్చు.

పద్ధతి మాత్రం ఒకటే. మగది సగం గూడు అల్లి రెక్కలాడిస్తూ పిలుస్తుంది, ఆడది వచ్చి తనిఖీ చేస్తుంది. నచ్చితేనే మిగతా సగం. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే వేలాడుతుంది, పాపం! లోపలి గోడకు తడిమట్టి ముద్దలు అంటించే అలవాటు కూడా రెండింటికీ ఉంది.

పనితనంలో నా ఓటు గిజిగాడికే. కానీ పిల్లలకు చూపించాలంటే చారలదాన్ని వెతికించండి, సరదా అందులోనే ఎక్కువ.