ఎబొనైట్ పెన్ను, నీలం సిరా: చాలాకాలం వాడాక

ఈ ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను పొడవెంత, బరువెంత, పాళీ సన్నమా లావా అన్నవి నేను రాయను. అవి కొట్టువాడే చెబుతాడు. రాజమండ్రిలో రత్నంగారు చేసి పంపిన స్వదేశీ పెన్నును మెచ్చుకుంటూ గాంధీగారు 1935లో ఉత్తరం రాసిన సంగతి కూడా పెన్నుల పిచ్చి ఉన్నవాళ్ళకి కొత్త కాదు. నా పెన్ను ఎక్కడ కొన్నదో చెప్పాల్సిన పని లేదు. నా గొడవ పెన్నుతో కాదు, అందులో పోసుకునే సిరాతో.

ఇదివరకు ఎవరడిగినా ఒకటే చెప్పేదాన్ని: నీళ్ళకు కరిగే నీలం సిరా పోసుకోండి, హాయిగా ఉంటుంది అని. హాయిగానే ఉంటుంది. ఫిల్లర్‌తో నింపేటప్పుడు వేళ్ళకైతే కుళాయి కింద పోతుంది. కొంగుకు అంటితే ఒక ఉతుకులో వదులుతుంది. నాలుగు రోజులు రాయక పాళీ ఎండిపోయినా చన్నీళ్ళలో నానేస్తే మళ్ళీ నడుస్తుంది (వేడినీళ్ళు వద్దు, ఎబొనైట్ రంగు మారిపోతుంది). శాశ్వతం అని చెప్పి అమ్మే సిరాలు కొన్నిటిలో రంగుపొడి ఉంటుంది, అది పాళీకి సిరా అందించే నాలిక సందుల్లో గడ్డకడుతుంది. ఒక అధ్యాయం మంచి ఊపులో ఉండగా పెన్ను మొరాయిస్తే ఆ వాక్యం మళ్ళీ దొరకదు.

గొట్టంలో సిరా ఎంత ఉందో బయటికి కనబడదు. సిరా తగ్గేకొద్దీ లోపల గాలి పెరుగుతుంది, చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను బయటికి తోస్తుంది. పెన్ను కక్కుతుంది. స్కూల్లో దీనికి తిట్లు తిన్నాం గానీ, నవల రాసేటప్పుడు నాకు పనికొచ్చింది. కక్కిందంటే లేవాలి, వరండాలో నాలుగు అడుగులు వేయాలి, నింపుకోవాలి. ఈలోగా రాసిన పేజీలో ఏది దండగో తెలిసిపోయేది.

తర్వాత అమ్మ పోయింది.

కర్మలు అయ్యేదాకా ఇంటినిండా జనం. అందరూ పడుకున్నాక ఠావుల మీద రాసేదాన్ని. ఆసుపత్రి, ఆఖరి మాటలు, బీరువా తెరిస్తే వచ్చే ఆమె చీరల వాసన. ఇదే నా తర్వాతి నవల అని అప్పుడే అనుకున్నాను. చెప్పుకోవడానికి బాగుండదు గానీ, నవలలు రాసేవాళ్ళ ఇంట్లో చావు కూడా ముడిసరుకే. పగలు అవే ఠావుల వెనక మా తమ్ముడు ఖర్చుల లెక్క వేసేవాడు. వాడి జేబులో ఎప్పుడూ బాల్ పెన్నే.

ఆ కాగితాలు కట్టగట్టి అటక మీద పెట్టెలో ఉంచాను. ఒక వానాకాలం స్లాబు కారింది. పెట్టె తీసేసరికి నేను రాసిన వైపంతా లేత నీలం. ఒక్క అక్షరం లేదు. వెనక్కి తిప్పితే తమ్ముడి లెక్క చెక్కుచెదరలేదు. బాల్ పెన్ను సిరా నూనె లాంటిది, నీళ్ళు దాన్నేమీ చేయలేవు. ఐస్ బాక్సు అద్దె. షామియానా. అరిటాకులు. పెరుగు. పంతులుగారికి. అంబులెన్స్ డ్రైవరుకి టీ.

గుర్తున్నంతవరకు మళ్ళీ రాద్దామని కూర్చున్నాను. వచ్చిన వాక్యాలన్నీ ఇంకెవరి నవలల్లోనో చదివినట్టే ఉన్నాయి. పోయిన పేజీలు ఇంతకంటే బాగుండేవన్న నమ్మకం కూడా సడలింది. అప్పుడు ఆ లెక్క మళ్ళీ చదివితే మధ్యలో ఒక పద్దు కనబడింది: మల్లెపూలు, 150.

తమ్ముడికి ఫోన్ చేశాను. "మల్లెపూలు ఎవరికిరా?"

"అమ్మకే. నాన్న పోయాక మళ్ళీ పెట్టుకోలేదు కదా. తల్లో పెడదామంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. చేతిలో పెట్టాను."

"నాకు చెప్పలేదేం?"

"ఆ రాత్రి నువ్వు లోపల రాసుకుంటున్నావక్కా."

నవల మొదటి అధ్యాయం ఆ పూలతోనే మొదలైంది. దుఃఖం గురించి నేను రాసుకున్నది ఏ ఇంటికైనా సరిపోయేదే. పూల పద్దు మాత్రం మా అమ్మది. పోయిన పేజీలకు బదులు అది దొరికింది కదా అని సిరా మీద కోపం పోయిందనుకోకండి. ఆఖరి మాటలు గుర్తున్నాయి, వాటి వరస పోయింది. ఏది ముందు అందో, ఏది తర్వాత అందో ఎవరినడగను?

కొన్నాళ్ళు ఇనుము కలిసిన సిరా వాడాను. పూర్వం మనవాళ్ళు కరక్కాయ, అన్నభేది అనే ఇనుప లవణం కలిపి కాచుకున్నది కూడా ఆ జాతిదే. కాగితంలో ఇంకి నల్లబడుతుంది, తడిస్తే అంత తేలిగ్గా పోదు. కానీ పెన్నులో నిలవ ఉంచితే స్టీలు పాళీని తినేస్తుంది, తరచూ విప్పి కడగాలి. వేళ్ళ నొప్పులున్న నాకు అది పెద్ద పని. మళ్ళీ నీలానికే వచ్చాను. రాత్రి పడుకునేముందు ఆనాటి పేజీల్ని ఫోన్లో ఫొటో తీస్తాను.

కాబట్టి పాత సలహా సగమే వెనక్కి తీసుకుంటున్నాను. నాకు గడువుల టెన్షన్ లేదు, ఇంట్లో బల్ల దగ్గరే రాస్తాను, టైపు చేసిపెట్టడానికి కోడలుంది. ఇలాంటి వీలున్నవాళ్ళు ఈ పెన్ను కళ్ళు మూసుకుని కొనుక్కోవచ్చు. బస్సుల్లో తిరుగుతూ రాసేవాళ్ళకు ఇది సరిపడదు. విమానం ఎక్కేముందైతే గొట్టం నిండా నింపాలి, లేదా పూర్తిగా ఖాళీ చేయాలి. సగంలో ఉంటే కక్కుతుంది. ఇక సిరా అంటారా, సీసా కొనేముందు కొట్లోనే కాగితం మీద రెండు గీతలు గీసి, ఆరాక నీళ్ళు చల్లి చూడండి. కొట్టువాడు విసుక్కున్నా ఫరవాలేదు.