పేర్ల వరస: అకారాదిగానా, కష్టాన్ని బట్టా?

విశాఖ మద్దిలపాలెంలోని నా గదికి వచ్చేవాళ్లలో సగం మంది లెక్కల కోసం వస్తారు, మిగతా సగం తగవు తీర్చమని వస్తారు. గణాంకశాస్త్రం చదువుకున్నవాణ్ని. పరిశోధకులు పట్టుకొచ్చే అంకెలు సరిచూసి పట్టికలు కట్టి ఇవ్వడం నా జీవనం. విశ్వవిద్యాలయం పక్కనే కాబట్టి గణితం వాళ్లు, జంతుశాస్త్రం వాళ్లు, ఆర్థికశాస్త్రం వాళ్లు, వైద్యం పీజీలు అందరూ ఈ మెట్లు ఎక్కినవాళ్లే. పట్టిక దగ్గర అందరిదీ ఒకటే గోల. పరిశోధన పేపరు మీద రచయితల పేర్లు రాసే చోటికి వచ్చేసరికి మాత్రం ఒక్కో శాఖది ఒక్కో మతం.

ముందు గణితం మతం చెబుతాను. అక్కడ పేర్లు అకారాది క్రమంలో ఉంటాయి, అంతే. కలిసి ఆలోచించినప్పుడు ఎవరి ఆలోచన ఎక్కడ మొదలైందో విడదీయలేమన్నది వాళ్ల వాదన. అమెరికన్ మ్యాథమేటికల్ సొసైటీ 2004లో దీన్ని ఒక ప్రకటనగానే రాసిపెట్టింది. అంతకు చాలా ముందే హార్డీ, లిటిల్‌వుడ్ అనే ఇద్దరు ఇంగ్లండు గణితవేత్తలు ఇంకో అడుగు వేశారు. ఇద్దరి పేర్లతో వచ్చే పేపరులో ఒకరు అక్షరం ముక్క రాయకపోయినా పట్టించుకోకూడదని వాళ్లు ఒప్పందం చేసుకున్నారు.

మనకిది వింతేమీ కాదు. తిరుపతి శాస్త్రి 1920లో పోయిన తర్వాత కూడా చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి తాను ఒక్కడే రాసినవాటిని తిరుపతి వెంకట కవుల పేరుతోనే వెలువరించారు. ఆ జంటపేరును ఒకసారి అకారాదిలో పెట్టి చూడండి. పేర్లను బట్టి పోతే తిరుపతి ముందు, వెంకట తర్వాత. ఇంటిపేర్లను బట్టి పోతే చెళ్లపిళ్ల ముందు, దివాకర్ల తర్వాత. వరస తలకిందులైంది! వయసు చూద్దామంటే వెంకటశాస్త్రే రెండేళ్లు పెద్ద. ఏడుకొండలవాడు పలికేలా పేరు కుదిరింది కాబట్టి ఎవరూ తగవు పడలేదు గానీ, మన పేర్లకు అకారాది పెట్టడం ఎంత చిక్కో చూడండి.

ఇక జీవశాస్త్రం, వైద్యం మతం. ఎక్కువ కష్టపడ్డవారి పేరు మొదట. పరిశోధనను నడిపించిన పెద్దల పేరు చివర. మధ్యలో మిగతావాళ్లు. తెలియనివాళ్లకు చివరి పేరంటే పంక్తి చివర విస్తరి వేయించుకున్న చుట్టంలా కనిపిస్తుంది కానీ, ఇక్కడ అది ఇంటి యజమాని స్థానం. ఈ సంగతి చెప్పకుండా ఒక గైడు పేరు చివర పెట్టబోయి, ఆయన అలిగి వెళ్లిపోతే, మళ్లీ బతిమాలి తీసుకొచ్చిన విద్యార్థులు నాకు తెలుసు. ఆయనది వేరే శాఖ.

ఈ రెండు మతాలూ ఒకే కాగితం మీద కలిస్తే ఏమవుతుందో ఆరేళ్ల కిందట కళ్లారా చూశాను. ఒక పరిశోధక విద్యార్థిని ఏడాదిపాటు వారానికి మూడు రోజులు తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లేది. పడవ నుంచి గంపలు దిగగానే, వేలంపాట మొదలయ్యేలోపు కానాగుర్త చేపలను ఏరి, కొలపలక మీద పడుకోబెట్టి, మూతి నుంచి తోక చీలిక దాకా మిల్లీమీటర్లలో రాసుకునేది. తడికి పెన్ను నిలవదని అంతా పెన్సిలే. ఆ నోటు పుస్తకాలు నా బల్ల మీద పెడితే రెండు రోజులు గదంతా చేపల వాసన. జిగురుకు అంటుకుపోయిన కాగితాలను పోస్టుకార్డు అంచుతో విడదీసి అంకెలు ఎక్కించాను. చేప ఏ వయసుకు ఎంత పెరుగుతుందో చెప్పే సమీకరణం ఒక గణితం మాస్టారు కట్టారు. మొత్తం పనిని ఆమె గైడు చూశారు.

మాస్టారి పేరు ‘అ’తో మొదలు, గైడు పేరు ‘ప’తో, ఆ అమ్మాయి పేరు ‘వ’తో. మాస్టారు మంచివారే. తమ శాఖలో పద్ధతి అదే కాబట్టి అకారాది అన్నారు. గైడుకు తగవులంటే పడదు. నన్ను ఎవరూ అడగలేదు, నేనూ నోరు మెదపలేదు. పేపరు అచ్చయింది.

కొన్నాళ్లకు ఆ అమ్మాయికి విదేశం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. చివరి పేరు ఆమెదే కనుక ఆమెనే ప్రయోగశాల అధిపతి అనుకుని, మీ దగ్గర ఉద్యోగం ఏమైనా ఉందా అని ఎవరో అడిగారు. అందరం నవ్వుకున్నాం. ఉద్యోగం ఇంటర్వ్యూలో మాత్రం ఆమెను మూడో పేరు కిందే లెక్కగట్టారు. 2018 నాటి యూజీసీ నిబంధనల పట్టికలో విజ్ఞానశాస్త్రాల పేపరుకు 8 పాయింట్లు. రచయితలు ఇద్దరికి మించితే మొదటి లేదా ప్రధాన రచయితకు అందులో 70 శాతం, మిగతా ఒక్కొక్కరికి 30 శాతం. అంటే సమీకరణం కట్టిన మాస్టారికి 5.6. హార్బర్‌లో చలికి వణుకుతూ చేపలు కొలిచిన అమ్మాయికి 2.4. గణితం వాళ్ల పెద్దమనసు గణితం దాటి బయటికొస్తే ఎవరి జేబుకు చిల్లు పడుతుందో చూశారు కదా.

అకారాది వల్ల నష్టం మన ఊరికే పరిమితం అనుకోకండి. ఆర్థికశాస్త్రంలోనూ అదే ఆచారం. అమెరికాలోని పెద్ద విశ్వవిద్యాలయాల ఆర్థికశాస్త్ర శాఖల్లో ఇంటిపేరు అక్షరమాల మొదట్లోని అక్షరాలతో మొదలయ్యేవాళ్లకు శాశ్వత ఉద్యోగం దొరికే అవకాశం ఎక్కువని ఐనావ్, యారివ్ అనే ఆర్థికవేత్తలు 2006లో చూపించారు. అకారాది పాటించని మనస్తత్వశాస్త్రంలో ఆ తేడా కనిపించలేదు. తర్వాత దేబ్‌రాజ్ రే, ఆర్థర్ రాబ్సన్ అనే ఇంకో ఇద్దరు ఆర్థికవేత్తలు 2018లో ఒక ఉపాయం చెప్పారు. చీటీలు వేసి వరస తేల్చి, పేర్ల మధ్య చిన్న గుర్తు పెడితే ఇది చీటీల వరస అని చదివేవాళ్లకు తెలుస్తుంది. నాకు ముచ్చటేసింది. ఇక్కడి ఇంటర్వ్యూ బోర్డులో ఆ గుర్తును గుర్తుపట్టేవారు ఒక్కరైనా ఉంటారా అన్నదే అనుమానం.

ఇక పేర్ల జాబితా మరీ పెద్దదైతే ఏ వరసకూ అర్థం మిగలదు. హిగ్స్ కణం బరువు మీద 2015లో వచ్చిన పేపరుకు 5,154 మంది రచయితలు. 33 పుటల్లో విషయం 9 పుటలు, మిగతా 24 పేర్లూ చిరునామాలే. అక్కడ అకారాది తప్ప దారి లేదు, దాన్ని ఒప్పుకుంటాను.

అలాగని కష్టాన్ని బట్టి వరస పెట్టేచోట అంతా ధర్మమేనా? కష్టాన్ని కొలిచే పలక ఎవరి చేతిలో ఉంటే వాళ్ల పేరు పైకి జరుగుతుంది. పరికరం ఇచ్చినందుకు ఒక పేరు, గది ఇచ్చినందుకు ఒక పేరు, ఇవ్వకపోతే ఇబ్బంది పెడతారని ఒక పేరు. వైద్య పత్రికల సంపాదకుల సంఘం దీనికి నాలుగు షరతులు పెట్టింది. పనిలో గట్టి పాలు ఉండాలి, రాయడమో దిద్దడమో చేయాలి, తుది ప్రతిని ఒప్పుకోవాలి, రేపు ఎవరైనా వేలెత్తి చూపితే జవాబు చెప్పాలి. నాలుగూ ఉండాల్సిందే. నా మట్టుకు నేను మూడోవంతు పేపర్లలో మొదటి షరతు దగ్గరే ఆగిపోతాను, అందుకే నా చోటు కృతజ్ఞతల్లో. నాలుగోది చాలా తెలివైన షరతు. 1975లో ఒక అమెరికా భౌతికశాస్త్రవేత్త ఒంటరిగా రాసిన పేపరులో అంతటా ‘మేము’ అని టైపు చేసి, మళ్లీ టైపు చేయలేక తన పిల్లిని సహరచయితగా చేర్చాడు. ఆ పిల్లిని ఎవరు ఏమడగగలరు!

మూడో దారి కూడా ఒకటుంది. వరస ఎలా ఉన్నా, ఎవరు ఏం చేశారో పేపరు చివర రాసేయడం. క్రెడిట్ అనే పద్ధతిలో ఇందుకు 14 పాత్రలున్నాయి. ఆలోచన, సేకరణ, విశ్లేషణ, మొదటి ప్రతి రాయడం, ఇలా. ‘సరిదిద్దడం’ దగ్గర అందరూ తమ పేరు రాసుకుంటారన్నది నిజమే. అయినా అలా రాసి ఉంటే ఆ చేపల పేపరులో ‘సేకరణ’ పక్కన ఒక్క పేరే ఉండేది. ఇంటర్వ్యూ బోర్డులో చదివే ఓపిక ఉన్నవాడికి అది చాలు.

కాబట్టి నన్నడిగితే, శుద్ధ గణితానికి అకారాది ఉండనివ్వండి. మిగతా ఎవరైనా, ముఖ్యంగా రెండు శాఖలు కలిసినప్పుడు, కష్టాన్ని బట్టి వరస, చివర పాత్రల వివరం. పైగా మన పేర్లకు అకారాది అసలు నిలవదు. ఇంటిపేరు ముందు రాసే మనల్ని విదేశీ సూచికలు చివరి ముక్కతో పట్టుకుంటాయి. దాంతో సగం విశాఖ రావు కింద, మూర్తి కింద, లక్ష్మి కింద చేరిపోతుంది. పరిశోధకులను పేరుతో కాక సంఖ్యతో గుర్తుపట్టేందుకు 2012లో మొదలైన ఆర్కిడ్ వాళ్ల 16 అంకెల సంఖ్య తీసుకోమని అందరికీ చెబుతుంటాను.

ఏ వరసలోనూ చోటు దొరకనివాళ్ల సంగతి వేరు. కానాగుర్త శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిజర్ కానాగుర్త. ప్యాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు మన విశాఖ తీరంలో చేపలు సేకరించి, ఇక్కడివాళ్లు పిలిచే పేర్లతోనే బొమ్మలు వేయించి 1803లో లండన్‌లో అచ్చు వేయించాడు. పారిస్‌లో కువియే అనే జంతుశాస్త్రవేత్త అందులోంచి ఈ పేరు తీసుకున్నాడు. నేటికీ ఆ చేప పేరు పక్కన రాసేది కువియే, 1816 అని. మాట మన జాలరులదే.

ఆ అమ్మాయి ఇప్పుడు ఒక కళాశాలలో పాఠాలు చెబుతోంది. మొన్న తన విద్యార్థిని వెంటబెట్టుకుని వచ్చింది. ఇంకా ఒక్క చేపా కొలవలేదు, పేర్ల కాగితం మాత్రం ముందే రాసుకొచ్చారు. విద్యార్థి మొదట, ఆమె చివర. “మాస్టారూ, గంపలు ఆపి మమ్మల్ని కొలుచుకోనిచ్చే సరంగు పేరు కృతజ్ఞతల్లో ఎలా రాయమంటారు?” అని అడిగింది. ఇంటిపేరుతో సహా, పొడి అక్షరాలు లేకుండా రాయమన్నాను.