అనంతపురం స్టడీ హాల్లో మూడున్నరేళ్లు: చదవడానికి సరే, రాయడానికి?

మాది ఉరవకొండ దగ్గర పల్లె. ఆర్ట్స్ కాలేజీలో బీఏ తెలుగు మీడియంలో పూర్తి చేసి, 2021 నవంబరులో సివిల్స్‌కు చదవాలని అనంతపురంలో ఒక స్టడీ హాల్లో సీటు తీసుకున్నాను. మొన్నటి 2025 మే వరకు అదే హాలు. పేరు చెప్పను. చెప్పినా మీకు పెద్దగా ఒరిగేదేమీ లేదు, నేను తిరిగి చూసిన హాళ్లన్నీ దాదాపు ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. రెండో అంతస్తు, వరసగా ప్లైవుడ్ అరలు, అరకో ట్యూబ్ లైటు, ఒక ప్లగ్గు, ఒక రివాల్వింగ్ కుర్చీ.

నేను చేరినప్పుడు నెలకు ఆరు వందలు. మానేసేటప్పటికి తొమ్మిది వందలు, ఏసీ గదిలో అయితే పన్నెండు వందలు. మొదటి వేసవి ఫ్యాన్ల గదిలోనే నెట్టుకొచ్చాను. ఏప్రిల్ దాటాక మధ్యాహ్నం రెండు గంటలకు పుస్తకం అట్ట కూడా వేడిగా తగిలేది. రెండో ఏడు నోరు మూసుకుని ఏసీకి మారాను. అనంతపురం ఎండలో ఈ మూడు వందల దగ్గర పీనాసితనం పనికిరాదు.

ఒక మాట ఒప్పుకోవాలి. సివిల్స్ మొదటి మెట్టైన ప్రిలిమ్స్‌కు, అంటే బిట్ల పరీక్షకు, ఈ హాలు చేసిన మేలు తక్కువది కాదు. రూములో ముగ్గురం ఉండేవాళ్లం. ఒకడికి క్రికెట్, ఇంకొకడికి ఫోను. హాల్లో కూర్చుంటే కనీసం పక్కవాడు లేచేదాకా లేవబుద్ధి కాదు. పరీక్ష ఉదయం తొమ్మిదిన్నరకు జీఎస్ (జనరల్ స్టడీస్), మధ్యాహ్నం రెండున్నరకు సీశాట్ (లెక్కలు, రీజనింగ్, ఇంగ్లిష్ ప్యాసేజీల పేపరు) కాబట్టి, చివరి రెండు నెలలు ప్రతి ఆదివారం సరిగ్గా ఆ వేళలకే మాక్ టెస్ట్ పెట్టుకునేవాణ్ని. భోంచేసి వచ్చాక నిద్ర ముంచుకొస్తున్నా ఇంగ్లిష్ ప్యాసేజీలు చదవడం అక్కడే అలవాటైంది. ప్రిలిమ్స్ పేపరు ఇంగ్లిష్, హిందీల్లోనే ఇస్తారు. తెలుగు మీడియం వాళ్లకు అసలు గండం అక్కడే. 2023లో జీఎస్ గట్టెక్కుతాననుకున్నాను, సీశాట్‌లో 66 రావాల్సిన చోట 62 దగ్గర ఆగిపోయాను. అర్హత పేపరే కదా అని జనవరి దాకా దాన్ని ముట్టుకోకపోవడం నా తప్పు, హాలుది కాదు. ప్రిలిమ్స్ సెంటర్ అనంతపురంలోనే ఉండటం మాత్రం మనవాళ్లకు పెద్ద ఊరట. ముందురోజు రాత్రి లాడ్జీలో దోమలతో కుస్తీ పట్టాల్సిన పని లేదు. పొద్దున్నే ఉగ్గాని తిని ఆటో ఎక్కితే చాలు.

హాల్లో సివిల్స్ వాళ్లం ముగ్గురమో నలుగురమో ఉండేవాళ్లం. మిగతావాళ్లంతా గ్రూప్-2, డీఎస్సీ, ఎస్ఐ, రైల్వే, బ్యాంకు. సీటు దొరకడం దొరకకపోవడం నోటిఫికేషన్లను బట్టే. 2023 డిసెంబరులో గ్రూప్-2 నోటిఫికేషన్ పడగానే మెట్ల మీద కూడా చెప్పులు పట్టలేదు. 2025 ఏప్రిల్‌లో మెగా డీఎస్సీ వచ్చినప్పుడు ఓనరన్న స్టోర్ రూములో కూడా ఆరు కుర్చీలు వేశాడు. సివిల్స్, అందులోనూ తెలుగు మీడియం అని చెబితే ప్రతివాడూ రోణంకి గోపాలకృష్ణ పేరెత్తేవాడు. 2016 సివిల్స్‌లో తెలుగులో రాసి మూడో ర్యాంకు తెచ్చుకున్న మనిషి కాబట్టి ఆ పేరు వింటే ధైర్యంగానే ఉండేది. కానీ ఆయన ఏ టేబుల్ మీద రాసి ప్రాక్టీస్ చేశాడో ఎవరూ చెప్పలేదు.

నా అసలు ఫిర్యాదు ఆ టేబుల్ గురించే. ప్రిలిమ్స్ దాటితే వచ్చే మెయిన్స్‌లో జవాబులన్నీ పేజీలకు పేజీలు చేత్తో రాయాలి.

ఒకరోజు స్కేలు పెట్టి కొలిచాను. అడ్డం ఇరవై ఆరు అంగుళాలు, లోపలికి పద్దెనిమిది. ఎదుట ఒక పుస్తకం తెరిచి, పక్కన ఆన్సర్ పేపర్లు పెడితే కుడి మోచేయి ప్లైవుడ్‌కు తగులుతుంది. చెయ్యి ముడుచుకుని రాస్తే అక్షరం ముడుచుకుంటుంది. పైగా నిశ్శబ్దం రూలు. అమ్మ పంపిన చెనిక్కాయలు వలిచినా తిరిగి చూస్తారు, అది న్యాయమే. కానీ ఒకరోజు గంటసేపు ఆగకుండా రాస్తుంటే ఎస్ఐకి చదివే తమ్ముడొకడు అర మీదుగా తొంగిచూసి, "అన్నా, ఆ గీకుడు శబ్దం కొంచెం తగ్గించన్నా" అన్నాడు. వాడి తప్పేం లేదు. అక్కడ అందరిదీ బిట్ల పరీక్ష. పెన్నుతో పేజీలు నింపేవాడు ఆ గదిలో వింత జంతువు. అప్పట్నుంచి రాయడం మానేసి మోడల్ జవాబులు చదవడం మొదలుపెట్టాను. చదువుతుంటే అన్నీ వచ్చినట్టే ఉండేది.

2024లో ప్రిలిమ్స్ దాటాను. మెయిన్స్‌కు విజయవాడ వెళ్లాను. బుడమేరు వరద వచ్చి మూడు వారాలు కాలేదు, సింగ్‌నగర్‌లో తన ఇల్లు ఎంత మునిగిందో ఆటో అతను చెయ్యెత్తి చూపించాడు. సెప్టెంబరు 21న ఉదయం జీఎస్-1, మధ్యాహ్నం జీఎస్-2. ఒక్కో పేపరు 250 మార్కులు, ఇరవై ప్రశ్నలు, మూడు గంటలు. పది ప్రశ్నలకు 150 మాటల్లో, పదింటికి 250 మాటల్లో జవాబు రాయాలి. అంటే ప్రశ్నకు సగటున తొమ్మిది నిమిషాలు. ఉదయం పద్నాలుగు రాశాను. మధ్యాహ్నం పదమూడో జవాబు దగ్గర బొటనవేలి మొదట్లో నరం పట్టేసింది. రాయని ప్రశ్నల్లో మూడు నాకు బాగా తెలిసినవి. తెలిసిన ప్రశ్న కింద ఖాళీ పేజీలు వదిలి బుక్‌లెట్ ఇచ్చి రావడం కన్నా, తెలియక వదిలేయడం నయం.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో చిక్కుంది. 150 మాటలంటే ఇంగ్లిష్ లెక్క. మనకు 'చేయాల్సివచ్చింది' ఒక్క మాటే. మాటల లెక్కలో కలిసొస్తుంది కానీ, చోటులో రాదు. గుణింతాలు, ఒత్తులు పెట్టుకుంటూ పోతే పది మార్కుల ప్రశ్నకు ఇచ్చిన రెండు పేజీలు మాటలు పూర్తికాకముందే నిండిపోతాయి. పదాల గొడవ సరేసరి. ఇంగ్లిష్‌లో ఫిస్కల్ డెఫిసిట్ అని చదివి, తెలుగులో రాసేటప్పుడు పాఠ్యపుస్తకంలోని కోశ లోటు అనాలా, పేపర్లో వచ్చే ద్రవ్యలోటు అనాలా అని నేను పరీక్షలో అర నిమిషం పెన్ను ఆపాను. సాంకేతిక పదం పక్కన ఇంగ్లిష్ మాట కూడా రాసుకోవచ్చని నోటిఫికేషన్‌లోనే ఉంది. అది తెలిసీ చేతికి రాలేదంటే, రాసి అలవాటు లేకే. నేను ఎంచుకున్న ఆప్షనల్ సబ్జెక్టు తెలుగు సాహిత్యం మాత్రం హాయిగా రాశాను. తిక్కన రాయబారం పద్యాలు హాల్లో నేర్చుకున్నవి కావు. రాత్రి మేడ మీద తిరుగుతూ గట్టిగా చదువుకున్నవి.

మెయిన్స్ పోయింది. తిరిగొచ్చాక జిల్లా గ్రంథాలయంలో పొడవాటి టేబుల్ పట్టుకున్నాను. ఫ్యాన్ గాలికి కాగితాలు ఎగురుతుంటే నాలుగు కంకర రాళ్లు తెచ్చి పెట్టుకున్నాను. పక్కన పేపర్ చదివే పెద్దాయన దగ్గుతాడు, ఎవరో ఫోన్లో మాట్లాడతారు. పర్లేదు, పరీక్ష హాల్లోనూ కుర్చీలు కిర్రుమంటాయి. రోజుకు నాలుగు జవాబులతో మొదలుపెట్టి నెల తిరిగేసరికి ఎనిమిదికి వచ్చాను. తొమ్మిది నిమిషాల్లో ముగించడం మార్చికి గానీ రాలేదు. ఈ సంబరంలో చదివే గంటలు తగ్గించేశాను. 2025 ప్రిలిమ్స్ పోయింది. మళ్లీ మొదటికి. బీసీని కాబట్టి అటెంప్ట్‌లు తొమ్మిది, ఇంకా ఐదున్నాయి. ఈసారి ఉదయం హాలు, సాయంత్రం గ్రంథాలయం.

హాలు మాత్రం మార్చాను, కారణం డబ్బు. చేరేటప్పుడు వెయ్యి రూపాయలు అడ్వాన్స్ తీసుకున్నారు. ఖాళీ చేస్తానంటే కుర్చీ చక్రం విరిగిందని ఐదు వందలు పట్టుకున్నారు. ఆ చక్రం నేను చేరిన రోజే విరిగి ఉంది. రసీదు అడగలేదు, ఫొటో తీసుకోలేదు, కాబట్టి నోరెత్తలేకపోయాను. మిగతావి ఫర్వాలేదు. నీళ్ల క్యాన్ ఎప్పుడూ ఖాళీ కాలేదు, కరెంటు పోతే ఇన్వర్టర్ రెండు గంటలు లాగేది. వైఫై మాత్రం పేరుకే. టాయిలెట్ గురించి అడగకండి.

ప్రిలిమ్స్ వరకే అయితే ఐదుకు నాలుగు ఇస్తాను. మెయిన్స్ రాయబోయేవాళ్లు డబ్బు కట్టే ముందు ఒక ఆన్సర్ బుక్‌లెట్ తీసుకెళ్లి, ఆ కుర్చీలో కూర్చుని ఒక పూర్తి జవాబు రాసి చూడండి. ఓనర్ వింతగా చూసినా సరే. ఏసీ గదిలో సీటు దొరికితే మిషన్ కింది వరస మాత్రం వద్దనండి. మే నెలలో దానినుంచి నీళ్లు కారతాయి. నా జీఎస్-3 నోట్స్‌లో సగం ఇప్పటికీ నీలం మరకే.